మామగారి పథ్యం

మామగారు సరిగ్గా తినడం మానేసి చాలా రోజులైంది.

మామగారంటే చిలుక. చిలుకల్లో బాగా చిన్న రకం, పట్టుమని పిచ్చుకంత కూడా ఉండదు. అమ్మినవాడు దాన్ని ప్యారట్లెట్ అన్నాడు. ఒళ్ళంతా లేతాకుపచ్చ, కంటి వెనక ఒక నీలిగీత, ఒంటికి నాలుగింతల కోపం. ఇంటికి తెచ్చిన రోజే, గిన్నె పెట్టడం కాస్త ఆలస్యమైందని పంజరం తీగలు కొరుకుతూ అది వేసిన కేకలకు ఇల్లాలు నడుం మీద చెయ్యి పెట్టుకుని నిలబడి, "అచ్చం మా మామగారే. ఆయనా ఇంతే, కంచం పెట్టేలోపు రెండు కేకలు వేస్తేగాని ముద్ద దిగేది కాదు" అంది. పోయిన తండ్రిని అలా అంటే కోపం రావలసిన మొగుడికి నవ్వొచ్చింది. ఆనాటి నుంచీ ఆ ఇంట్లో మామగారికి స్నానమైందా, మామగారు అలిగారు, మామగారికి ఎండ తగులుతోంది తెర వెయ్యండి, ఇవే మాటలు.

ఇప్పుడు ఆ మాటలనే మనిషి లేదు. మామగారు ఈకలు ఉబ్బించుకుని, పంజరంలో ఒక మూల, మెడ లోపలికి లాక్కుని కూర్చుంటున్నాడు. గిన్నె నిండా పొద్దుతిరుగుడు గింజలు పోస్తే రెండు వొలిచి, మిగతావాటి వైపు చూడటం లేదు. కేకలు లేవు. ఇంట్లో ఆవిడ పెంచిన ప్రాణమంటూ మిగిలింది ఇదొక్కటే. ఇది కూడా దక్కకపోతే ఆ ఇంటి తలుపు తీసుకుని లోపలికి రావడానికి కారణమేమిటో ఆమె భర్తకు తెలియదు.

ఆయన బస్సు డిపో క్యాంటీన్లో వంటమాస్టారు. వంటలో ఎంత పేరుందో, ఒక అలవాటు వల్ల అంతకు మించిన పేరుంది. వడ్డించే చోట ఆయన ఎప్పుడూ నిలబడడు. తిన్న పళ్ళేలు తిరిగొచ్చే కిటికీ దగ్గర, చేతులు కట్టుకుని నిలబడతాడు. "వడ్డించే చోట ఆకలి కనబడుద్ది. కడిగే చోట వంట కనబడుద్ది" అంటాడు. ఎవరి పళ్ళెంలోనైనా కాస్త మిగిలి కనిపిస్తే, "ఏం తగ్గింది?" అని అడుగుతాడు. గట్టిగా కాదు, మెల్లగానే. ఆ మెల్లగా అడగడమే భరించలేక జనం ముక్క మిగలకుండా తుడుచుకు తినేవారు. డ్రైవర్లు ఆయనకు పళ్ళెం పోలీసు అని పేరు పెట్టారు.

"ఆకలి రుచెరగదంటారు గదా మాస్టారూ, మీరేంటి రుచి రుచి అని ప్రాణం తీస్తారు" అని ఎవరో అంటే, "అది వంట రానోళ్ళు పుట్టించిన మాట" అన్నాడాయన.

ఒకసారి ఒక కండక్టరు తనకు పడని వంకాయ ముక్కల్ని జేబురుమాల్లో మూటగట్టుకుని, ఖాళీ పళ్ళెం కిటికీలో పెట్టి, దొరలా నడిచిపోయాడు. బస్సులో టికెట్ల కోసం జేబులో చెయ్యి పెడితే విషయం బయటపడింది. డిపో అంతా వారం నవ్వుకుంది. వంటమాస్టారూ నవ్వాడు. పెద్ద మనిషి వంకాయ ముక్కలు దొంగలా దాచుకోవలసిన అగత్యం ఎందుకొచ్చిందన్నది మాత్రం ఆయనకు తట్టలేదు.

ఆవిడకు జబ్బు చేసినప్పుడు ఆసుపత్రిలో పెద్ద డాక్టరు చాలా మాటలు చెప్పాడు. వాటిలో వంటమాస్టారుకు అర్థమైంది ఒక్కటే. "తింటున్నంత కాలం భయం లేదు." మిగతావన్నీ డాక్టర్ల పని, ఇది తన పని అనుకున్నాడు. మధ్యాహ్నం క్యాంటీన్లో రద్దీ తగ్గగానే ఇంటికొచ్చి వండేవాడు. పళ్ళెం తెచ్చి మంచం పక్కన బల్ల మీద పెట్టి, గుమ్మానికి ఆనుకుని, చేతులు కట్టుకుని నిలబడేవాడు. మొదట్లో సగం పళ్ళెం వెనక్కి వచ్చేది. ఒక్క మాట అనేవాడు కాదు. మళ్ళీ పొయ్యి వెలిగించి ఇంకోటి వండుకొచ్చేవాడు. అదీ వెనక్కి వస్తే ఇంకోటి.

తర్వాత ఏమైందో ఏమో, ఆవిడకు నోరు లేచొచ్చింది. ముందు మామగారి పంజరం తెచ్చి తన మంచం పక్కన పెట్టమంది, తోడుగా ఉంటుందని. "మీరట్లా గుడ్లప్పగించి చూస్తుంటే ఎట్లా తినేదండీ, కొత్త పెళ్ళికూతుర్నా? ఆ వంటింట్లో ఏదో పని చూసుకోండి" అని ఆయన్ను తరిమేసింది. ఆయన స్టవ్ తుడుచుకుని తిరిగొచ్చేసరికి పళ్ళెం ఖాళీ.

అంతే కాదు, రేపటికేం కావాలో అడగడం మొదలుపెట్టింది. ఇన్నేళ్ళ కాపురంలో ఏది పెడితే అది తిని లేచిన మనిషి. "రేపు క్యారెట్ సన్నగా తరిగి కాస్త ఉడికించండి. ఎల్లుండి పాలకూర, మరీ మెత్తబడకుండా. పెసలు నానేసి మొలకలొచ్చాక పెట్టండి. ఒక ముక్క ఉడికిన గుడ్డు. ఎర్ర మిరపకాయ కాదండీ, ఆ బుట్టమిరప, పచ్చిదే, చిన్న చిన్న ముక్కలు." ఉప్పు మాత్రం వద్దంది, నోరు మండుతోందని. ఉల్లిపాయ వాసన పడటం లేదంది. నూనె చుక్క వెయ్యొద్దంది. రోగి నోరు, దాని తిక్కలు దానివి అనుకున్నాడాయన. ఉప్పూ కారం లేనిదానికి రుచి చూడవలసిన పనేముంది కనుక, నోట్లో వేసుకుని చూడకుండానే వడ్డించేవాడు.

డిపోలో ఆ రోజుల్లో ఆయన మొహం వెలిగిపోయేది. "మా ఆవిడ నోరు తెరిచి అడుగుతోందయ్యా. రోజుకో రకం" అని కనబడినవాడికల్లా చెప్పాడు.

సాయంత్రం పంజరం కింద పరిచిన కాగితం తీసి పారేసే పని ఆయనదే. దాని మీద క్యారెట్ తునకలు, ఆకుకూర పీలికలు, గుడ్డు పొడి. తన పళ్ళెంలోంచి ఓ చిటికెడు మామగారికీ పెడుతోందని ఆయనకు తెలుసు. పెట్టనీ, మనసు బాగుందన్నమాట అనుకున్నాడు. "చిటికెడు పెడితే చేటెడు ఒలకబోస్తున్నావేంట్రా, అప్పు చేసి తెచ్చిన కూరగాయలా ఇవి" అని పంజరానికి ఓ మొట్టికాయ చూపించి, కాగితం ఉండచుట్టి చెత్తబుట్టలో వేసేవాడు.

ఆసుపత్రిలో బరువు తగ్గుతోందన్నప్పుడు ఆయన నమ్మలేదు. "పళ్ళెం ఖాళీ చేస్తోందండీ డాక్టరుగారూ" అన్నాడు. ఈ జబ్బులో తిన్నది ఒంటికి పట్టదని డాక్టరు చెప్పాడు. ఆ మాట పట్టుకుని ఆయన ఇంకాస్త ఎక్కువ వండాడు.

ఆవిడ పోయాక ఇంట్లో పొయ్యి వెలగలేదు. ఆయన క్యాంటీన్లోనే ఓ మూల నిలబడి రెండు మెతుకులు నోట్లో వేసుకునేవాడు. మామగారి గిన్నెలో గింజలు పోసేవాడు. చిలుకకు తిండంటే గింజలే, మిగతావన్నీ గారాబం అనే ఆయన అనుకున్నాడు.

పక్షుల డాక్టరమ్మ వయసులో చిన్నది. మామగారిని గుడ్డలో చుట్టి పట్టుకుని, చిన్న త్రాసు మీద పెట్టి, నొసలు ముడిచింది. రెక్క విప్పి చూసింది. ముక్కు చూసింది, గోళ్ళు చూసింది.

"ఏం పెడుతున్నారు?"

"గింజలండీ. పొద్దుతిరుగుడు. మంచి రకమే."

"ఒట్టి గింజలేనా? అది మనం పొద్దున్నా సాయంత్రం వేపుడు తిన్నట్టు. కొవ్వు తప్ప ఏం లేదు. అసలు ఇది గింజల మీద పెరిగిన పక్షి కాదే. ఇంత ఎండిపోయి కూడా ఈ ఈకల మెరుపు చూడండి. ఎవరో బాగా పెట్టారు దీనికి. రంగురంగుల కూరలు, ఆకులు, మొలకలు, గుడ్డు. నెలల తరబడి పెడితేగాని ఇలా ఉండదు."

"మా ఆవిడ పెట్టేదండీ. తన పళ్ళెంలోంచి కాస్త."

"మన పళ్ళెంలోంచా? అట్లా పెట్టేవాళ్ళంతా ఉప్పుతో చంపేస్తుంటారు. ఇంత పక్షికి ఉప్పెంత తట్టుకుంటుంది చెప్పండి. ఉల్లిపాయైతే విషమే."

"ఉప్పు లేదండీ. ఆవిడకి నోరు మండేది."

"ఉల్లిపాయ?"

"వాసన పడేది కాదు."

"నూనె?"

ఆయన తల అడ్డంగా ఊపాడు.

"దీని అదృష్టం" అంది డాక్టరమ్మ. మామగారిని బుట్టలోకి వదిలి చేతులు కడుక్కుంటూ చెప్పవలసినవి చెప్పింది. గింజలు ఒక్కసారిగా ఆపొద్దు, మెల్లగా తగ్గించండి. పొద్దున్నే ఆకలి మీదున్నప్పుడు కూరగాయలు పెట్టండి. పక్షుల కోసం చేసిన గుళికలు కొట్లో దొరుకుతాయి, అవి రోజూ కొన్ని. పళ్ళు కొంచెమే, గుడ్డు అప్పుడప్పుడు. తడి తిండి మధ్యాహ్నం దాకా ఉంచకండి, పాడవుతుంది. "ఇంకో సంగతి. చిలుకలు గుంపులో తినే జీవాలు. తోటివాళ్ళు తింటే తింటాయి. మీరు పక్కన కూర్చుని తినండి. దాని వైపే చూస్తూ ఉండకండి. అంత పెద్ద మొహం తననే చూస్తుంటే, అది తిండి సంగతి మర్చిపోయి ప్రాణం సంగతి చూసుకుంటుంది."

ఆయన అన్నిటికీ తల ఊపాడు. వంట అనేసరికి చేతులకు పని దొరికింది. మిగతా మాటలు ఈ చెవిన విని ఆ చెవిన వదిలేశాడు. బస్సులో బుట్ట ఒళ్ళో పెట్టుకుని వస్తుంటే, ఉప్పు, ఉల్లి, నూనె అని మూడు మాటలు మాత్రం పంటి కింద రాయిలా తగులుతూ వచ్చాయి.

మర్నాడు పొద్దున్న ఇంట్లో పొయ్యి వెలిగింది. క్యారెట్ గోరంత ముక్కలు, పాలకూర సన్నపు పీలికలు, బుట్టమిరప గింజలతో సహా, ముందు రాత్రి నానేసిన పెసలు. చిన్న స్టీలు పళ్ళెంలో ఒక్కో రంగూ ఒక్కో పక్కన సర్దాడు. పంజరంలో పెట్టి, తలుపు వేసి, చేతులు కట్టుకుని నిలబడ్డాడు.

మామగారు వెనక్కి జరిగాడు.

ఆయన ఇంకాస్త దగ్గరికొచ్చి వంగి చూశాడు. మామగారు మూలకు పోయి తీగలకు అంటుకుపోయాడు. ఆయన పళ్ళెం తీసి, గుడ్డు చేర్చి మళ్ళీ పెట్టాడు. లాభం లేదు. చిలగడదుంప ఉడికించి తెచ్చాడు. ఆ మర్నాడు మొక్కజొన్న. ఆ మర్నాడు ఇంకోటి. పళ్ళెం పెట్టింది పెట్టినట్టే తిరిగొస్తోంది. "ఏం తగ్గిందిరా?" అని మెల్లగా అడిగాడు. మామగారు కన్ను సగం మూశాడు.

మరదలు వచ్చేసరికి ఆయన ఆ రోజు మూడో పళ్ళెం పట్టుకుని పంజరం ముందు నిలబడి ఉన్నాడు. ఆవిడకు చెల్లెలు, వీధి చివర బట్టలు కుట్టే కొట్టు ఉంది. అక్క పెళ్ళినాటికి గౌను వేసుకుని తిరిగిన పిల్ల, బావ దగ్గర చనువెక్కువ. అక్క మంచాన పడ్డప్పుడు రోజూ మధ్యాహ్నం కొట్టుకు తాళం వేసి వచ్చి కూర్చునేది.

"దాన్ని నాకిచ్చెయ్ బావా. కొట్లో నలుగురూ వస్తూపోతూ ఉంటారు, సందడిగా ఉంటది. నీ దగ్గరుంటే ఇది కూడా..." అని ఆపేసింది.

"తింటదిలే. ఇంకా దానికేది నచ్చుద్దో దొరకలా."

"దొరకలేదా? నువ్వట్లా పోలీసులాగా నిలబడితే దేవుడు దిగొచ్చినా నైవేద్యం ముట్టడు. పక్కకి జరుగు. ముద్ద ఎవరికి దిగుద్ది బావా, ఎవరికైనా. మా అక్క కూడా..."

ఈసారి ఆపేసిన తీరు వేరు. పమిట చెంగు సర్దుకుని, లేని నలక ఏదో దులుపుకుంది.

వంటమాస్టారు పళ్ళెం బల్ల మీద పెట్టాడు.

"మీ అక్కకి నోరు మండేదా?"

మరదలు పంజరం వైపు తిరిగింది.

"నిన్నేనే అడిగేది. ఉప్పు వద్దన్నది నోరు మండేనా?"

"కాదు బావా."

"ఉల్లిపాయ?"

"అదీ కాదు. నా ఫోన్లో చూసి చదవమనేది. చిలక్కి ఏది మంచిది, ఏది పడదు అని. నేను చదివేదాన్ని, అక్క గుర్తుపెట్టుకుని నీకు చెప్పేది." ఆమె గొంతు తగ్గింది. "నవ్వుకునేవాళ్ళం కూడా. రేపు మామగారికి పాలకూరే, ఆర్డరిస్తాను చూడు అనేది."

ఆ నవ్వులు ఆయన వంటింట్లోంచి వినేవాడు. తను గుమ్మంలోకి రాగానే ఆగిపోయేవి. అక్కచెల్లెళ్ళు, వాళ్ళ మాటలు వాళ్ళవి అనుకునేవాడు. నవ్వుతోందంటే నయమవుతోందని సంబరపడేవాడు.

"మరి తనేం తినేది?"

"ఓ చెంచా. ఒక్కోరోజు అదీ లేదు. లోపలికి పోయేది కాదు బావా. పోతే కడుపులో నొప్పి."

"మిగతాదంతా?"

"మామగారి గిన్నెలోకి. అది తిన్నంత తిని, మిగతాది కిందకి విసిరికొట్టేది. నువ్వే రోజూ తీసి పారేశావుగా."

ఆయన కుర్చీ కోసం చూసుకుని కూర్చున్నాడు. కాగితం ఉండచుట్టిన చేతులు ఆయనవే. తడిగా, బరువుగా ఉండేది ఆ ఉండ. చిటికెడు పెడితే అంత బరువుండదని కూరగాయలు తూచి కొనే మనిషికి తెలియకనా?

"నాకో మాట చెప్పాల్సింది."

"చెబితే ఏం చేసేవాడివి?"

ఆయన చూపు బల్ల మీది పళ్ళెం మీద పడింది.

"మళ్ళీ వండేవాడివి" అంది మరదలు. నిష్ఠూరంగా అనలేదు, ఉన్న మాట అన్నట్టే అంది. "ఆకలి లేదంటే నువ్వు వినే మనిషివా? మొదట్లో చూసిందిగా. మూడోసారి పొయ్యి వెలిగిస్తుంటే మంచం మీంచి చూసి ఏడ్చింది. అప్పుడు చెప్పింది నాతో. ఈయన వండకుండా ఉండలేడే, నేను తినలేను. మధ్యలో తినేవాళ్ళెవరో ఒకరు కావాలి. ఎటూ వండుతున్నాడు, తినేవాడి ఒంటికి పడేట్టయినా వండించుకుందాం, అంది."

వీధిలో ఎవరో సైకిలు గాలి కొట్టించుకుంటున్న చప్పుడు. మరదలు లేచి, బావ భుజం మీద చెయ్యి వెయ్యబోయి, ఎందుకో మానుకుని, "రేపొస్తా. పంజరం మీద కప్పడానికి గుడ్డ తెస్తా. అప్పటికీ ఇది ముట్టుకోకపోతే తీసుకెళ్తా" అని వెళ్ళిపోయింది.

ఆ సాయంత్రం ఆయన డిపోకు వెళ్ళలేదు. మంచం పక్కన ఖాళీ బల్ల చూస్తూ కూర్చున్నాడు. ఆవిడ తనను మోసం చేసిందని అనిపిస్తే కాస్త కోపమైనా వచ్చేది, కోపం ఊతగా ఉండేది. అలా అనిపించలేదు. గుమ్మంలో నిలబడ్డ తన మొహం ఆవిడకు ఎలా కనిపించి ఉంటుందో అదే కళ్ళ ముందు మెదిలింది. ఒంట్లో ఉన్న కాస్త ఓపికనూ, పడుకోవడానికి కాక, కబుర్లకు కాక, ఒక పళ్ళెం ఖాళీ చెయ్యడానికి ఖర్చు పెట్టింది. చెంచాతో తీసి, గిన్నెలో వేసి, చెయ్యి తుడుచుకుని, ఆయన అడుగుల చప్పుడు వినబడేలోపు దిండుకు ఆనుకోవాలి. కండక్టరు మూట ఒక్కపూటది. ఈవిడ రోజూ కట్టింది.

ఆ మధ్యాహ్నాలన్నీ ఆయన పక్క గదిలోనే ఉన్నాడు. తళతళలాడుతున్న స్టవ్‌నే మళ్ళీ తుడుస్తూ ఉన్నాడు. ఆవిడ పక్కన కూర్చుని ఉంటే సరిపోయేది. కూర్చోవడం పని కాదనుకున్నాడు.

పొద్దున్నే లేచి క్యారెట్, పాలకూర, పెసలు సిద్ధం చేశాడు. రంగులు విడదీసి సర్దలేదు, కలిపేశాడు. రెండు పళ్ళేల్లో పెట్టాడు. చిన్నది పంజరంలో పెట్టి, పెద్దది తీసుకుని, పక్కనే కుర్చీ వేసుకుని, కిటికీ వైపు తిరిగి కూర్చున్నాడు. పంజరం ఆయన భుజం వెనక్కి పడింది. చూడాలంటే తల తిప్పాలి.

ముద్ద నోట్లో పెట్టుకున్నాడు. ఉప్పు లేదు. క్యారెట్ తియ్యదనం కాస్త, ఆకు పసరు కాస్త, తర్వాత ఏమీ లేదు. అన్ని నెలలు ఇదే వండాడు, ఇప్పుడు గాని నాలుకకు తగల్లేదు. ఎవరన్నా తింటారా దీన్ని, అనుకున్నాడు. ఒక చెంచా అయినా ఆవిడ ఎలా మింగిందో. నమిలాడు. మింగాడు. ఇంకో ముద్ద తీసుకున్నాడు.

ఇంట్లో కూర్చుని తిని ఎన్నాళ్ళయిందో. ఆవిడతో కలిసి కూర్చుని తిన్నది ఎప్పుడో గుర్తుచేసుకోబోయాడు. వంటవాడు అందరి తర్వాత తింటాడు, నిలబడి తింటాడు. ఇంట్లోనూ అదే తీరు. ఎంత వెతికినా ఒక్క భోజనం కూడా మనసుకు అందలేదు.

వెనక చిన్న కదలిక. కర్ర మీంచి కర్ర మీదకు గోళ్ళు మారిన చప్పుడు. ఆయన మెడ నరం దానంతటదే బిగిసింది. తల తిప్పలేదు. పళ్ళెంలోని ముద్దనే చూస్తూ నమిలాడు. చాలాసేపు ఏమీ లేదు. తర్వాత స్టీలు అంచు మీద ముక్కు తగిలిన సన్నటి శబ్దం, ఒకసారి. అంతటితో ఆగిపోయింది. తిన్నదో, విసుగ్గా నెట్టిందో. ఒక్కసారి తిరిగి చూస్తే తెలిసిపోతుంది. ఒళ్ళంతా అటే లాగుతోంది. కళ్ళలో నీళ్ళు తిరుగుతుంటే కిటికీ అవతలి గోడ మసకబారింది. ఆయన ఇంకో ముద్ద పెట్టుకున్నాడు.

మరదలు గుడ్డ చంకలో పెట్టుకుని గుమ్మంలోకి వచ్చి, బావ కూర్చుని తినడం చూసి అక్కడే ఆగిపోయింది.

"తిన్నదా?" అంది, గొంతు తగ్గించి.

"చూళ్ళేదు."

ఆమె పంజరం వైపు తొంగి చూసింది. ఏదో చెప్పబోయింది. ఆయన ఎంగిలి చెయ్యి కొంచెం పైకెత్తాడు.

"చెప్పకు. ఎంతయితే అంత. దాని ఇష్టం."

మరదలు గుడ్డ మంచం మీద పెట్టింది. ఆయన పక్కనున్న ఇంకో కుర్చీని కాలితో దగ్గరికి లాగి, "కూర్చో" అన్నాడు. తినమని అనలేదు.